ఊపిరి పని

సినిమాలో హీరోయిన్ గొంతు హీరోయిన్‌ది కాదని ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ముద్దుసీనులో ఆ అమ్మాయి వదిలే నిట్టూర్పు కూడా ఆ అమ్మాయిది కాదని తెలిస్తే మాత్రం జనం టికెట్టు డబ్బులు వెనక్కి అడుగుతారు. మాటలు చెప్పేది ఒకరైతే ఊపిర్లు తీసేది ఇంకొకరు. అవును, ఊపిర్లే. డబ్బింగ్ స్టూడియోలో వాటిని అలాగే అంటారు. మెట్లెక్కితే ఒక ఊపిరి, దెయ్యాన్ని చూస్తే ఒక ఊపిరి, ఇష్టమైనవాడి చెయ్యి మెడ మీద పడితే ఇంకో ఊపిరి. ఈ మూడో రకంలో ఈ కథలో ఆవిడని కొట్టేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అందుకే స్టూడియోలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఊపిరక్క.

పని చూస్తే మాత్రం నవ్వొస్తుంది. చీకటి గది, గోడల నిండా మెత్తలు, ఎదురుగా తెర, మధ్యలో మైకు. మైకు ముందు నలభై దాటిన మనిషి, ఏసీకి తట్టుకోలేక స్వెట్టరు, కాళ్ళకి మేజోళ్ళు, ముక్కు చివర కళ్ళజోడు. తెర మీద ముద్దు పెట్టుకుంటే ఈవిడ తన ముంజేతినే తను ముద్దు పెట్టుకుంటుంది. కౌగిలింతకి పొట్ట మీద అరచేత్తో నొక్కుకుంటుంది. కొత్త దర్శకులు చెవులు ఎర్రబడి నేలచూపులు చూస్తారు. "సిగ్గెందుకు బాబూ? ఆ అమ్మాయికి నిజంగా ఇష్టమా, ఇష్టమున్నట్టు నటిస్తోందా? అదొక్కటి చెప్పు, మిగతాది నేను చూసుకుంటా" అంటుంది ఊపిరక్క. వాళ్ళు చెప్తారు, ఆమె తీస్తుంది, హాల్లో జనం గుటకలు మింగుతారు.

ఇంతకీ అసలు సంగతి ఏమిటంటే, ఊపిరక్కకి ఆ కోరిక ఎలా ఉంటుందో తెలియదు. కొంచెం తెలుసు, మర్చిపోయింది అనే రకం కాదు. బొత్తిగా తెలియదు. హాస్టల్లో చదువుకునే రోజుల్లో తోటి అమ్మాయిలు ఎవరి గురించో గుసగుసలాడుకుని పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, తను కూడా నవ్వేది, ఒక్క క్షణం ఆలస్యంగా. వయసొస్తే అదే వస్తుందిలే అనుకుంది. వయసొచ్చింది, పోతోంది కూడా, అది మాత్రం రాలేదు. మనుషులంటే ఆమెకి ప్రాణం. ఒకే గొడుగులో నడవడం ఇష్టం, మంచం చివర కూర్చుని కబుర్లు చెప్పుకోవడం ఇష్టం. అక్కడి నుంచి ముందుకి వెళ్తే మాత్రం లోపల ఏదీ కదలదు. అసహ్యమా అంటే కాదు, భయమా అంటే అదీ కాదు. ఆకలే ఎరగని మనిషి ముందు కంచం పెట్టినట్టు ఉంటుంది, అంతే.

ఈ విద్య కూడా ఆమె స్టూడియోలో నేర్చుకున్నది కాదు. కాపురంలో నేర్చుకుంది. గడియారాలు బాగుచేసే ఆయనతో పెళ్ళయింది. వెన్న లాంటి మనిషి. మొదటి నెలలోనే "నా మీద ఇష్టం లేదా?" అని బిక్కమొహం వేసుకుని అడిగాడు. అయ్యో పాపం అనిపించింది. మర్నాటి నుంచి ఇష్టమున్నట్టు ఊపిరి తియ్యడం మొదలుపెట్టింది. ఆయన పొంగిపోయాడు. ఆయన పొంగిపోయిన కొద్దీ ఈమెకి తను ఆ మంచం మీద లేనట్టూ, గది మూలన కుర్చీ వేసుకుని చూస్తున్నట్టూ ఉండేది. రెండేళ్ళు తిరిగేసరికి తల ప్రాణం తోకకొచ్చి పుట్టింటికి వచ్చేసింది. ఎందుకొచ్చావంటే ఏం చెప్తుంది? నోరు విప్పలేదు. ఈమె విప్పకపోతే జనం ఊరుకుంటారా? లోపం ఆయనలోనే ఉందని చిలవలు పలవలు అల్లి, బంగారం లాంటి మనిషిని వీధిలో తలెత్తుకోకుండా చేశారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుని ఇద్దరు పిల్లల్ని ఎత్తుకున్నాడనుకోండి. అయినా సరే, ఒకసారి బజార్లో ఎదురైతే ఈమె మొహం చెల్లక ప్లాస్టిక్ బకెట్ల దుకాణంలోకి దూరి, అక్కర్లేని బకెట్టు కొనుక్కుని ఇంటికొచ్చింది. ఆ రోజే అనుకుంది: ఈ పని మైకు ముందు తప్ప ఇంకెక్కడా చెయ్యకూడదని.

డాక్టరు అన్నీ బాగానే ఉన్నాయన్నాడు, పాలు తాగమన్నాడు. మనసు డాక్టరమ్మ ఇంకొంచెం నయం. "కొందరు ఇలాగే ఉంటారమ్మా. ఇది జబ్బు కాదు" అంది. జబ్బు కాదన్నందుకు సంతోషించి, మందు లేదన్నందుకు బస్‌స్టాపులో కూర్చుని ఏడ్చింది. ఇంతమంది ఉన్న లోకంలో ఆ కొందరు ఎక్కడున్నారో డాక్టరమ్మ చెప్పలేదు.

చెల్లెలి ఇంటి మేడ మీద ఒక గదిలో ఉంటుంది. కింద చెల్లెలు, మరిది, వాళ్ళ కూతురు. చెల్లెలిది పెద్ద నోరు, అంతకంటే పెద్ద మనసు. ఒక రోజు గది తుడుస్తూ తుడుస్తూ ఆగి, తలుపు గడియ పెట్టి మరీ అడిగింది.

"అక్కా, ఏమీ అనుకోకు. నీకు గానీ... ఆడవాళ్ళంటే ఇష్టమా? అయినా పర్లేదే. మీ మరిదిని నేను చూసుకుంటా. ఊరిని కూడా నేనే చూసుకుంటా."

ఊపిరక్కకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "అయ్యుంటే బాగుండేదే. కనీసం ఎదురుచూడ్డానికి ఎవరో ఒకరుండేవాళ్ళు" అంది. చెల్లెలికి అర్థం కాలేదు. అక్క ఏదో బాధలో ఉందనుకుని ఆ పూట రెండుసార్లు టీ పెట్టిచ్చింది.

స్టూడియోలో మైకు గదికున్న అద్దం అవతల కూర్చుని రికార్డు చేసే మనిషిని సౌండాయన అంటారు. చెవులకి హెడ్‌ఫోన్సు, ముందు బల్ల నిండా మీటలు. ఏళ్ళ తరబడి ఊపిరక్క ఊపిర్లన్నీ పట్టుకున్నది ఆయనే. భార్య చాలాకాలం మంచాన ఉండి చనిపోయింది. ఆయన, ఆయన గదిలో ఒక రేడియో, అంతే సంసారం. నాలుగింటికి ఇద్దరూ క్యాంటీన్ వెనక బల్ల మీద కూర్చుని టీ తాగుతారు. ఆయన రెండు అరటిపళ్ళు తెస్తాడు, మచ్చలు లేనిది ఆమెకిచ్చి మచ్చలున్నది తను తింటాడు. మాట్లాడుకునేది పెద్దగా ఏమీ ఉండదు. అయినా ఆదివారం వచ్చిందంటే ఊపిరక్కకి నాలుగింటికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఒక రోజు టీ చల్లారిపోయేదాకా తాగకుండా కూర్చున్నాడు.

"మేడమ్, సాయంత్రం ఇంటికెళ్ళి తాళం తీసేటప్పుడు మీకు కూడా అలా ఉంటుందా?"

"ఎలా సార్?"

"తలుపు తియ్యకుండా మళ్ళీ రోడ్డు మీదకి వెళ్ళిపోదామా అని."

"రోజూ ఉంటుంది."

"అయితే మనిద్దరం ఒక్క తాళం పెట్టుకుందామా?"

ఊపిరక్క అరటిపండు తొక్కని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. తర్వాత "సరే సార్" అంది. "ఇంకా సారేంటండీ" అన్నాడాయన. "మీరు మేడమ్ అనడం మానేస్తే నేనూ మానేస్తా" అందామె. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ వయసులో అంత నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో క్యాంటీన్ వాడికి అర్థం కాక తొంగి చూశాడు.

ఆమె అంత సులువుగా ఎలా ఒప్పుకుందని మీరు అడగవచ్చు. ఆమె లెక్క ఆమెకుంది. లోకంలో ఎవరికి తెలియకపోయినా ఈయనకి తెలుసనుకుంది. అద్దంలోంచి ఏళ్ళ తరబడి చూస్తున్నాడు కదా! నాయిక కరిగిపోతున్న చోట తను ముక్కు గోక్కోవడం చూశాడు. గోడ గడియారం వంక చూడటం చూశాడు. ఇదంతా ఉత్త పనేనని, లోపల ఏమీ లేదని తెలిసే, తెలిసీ అడిగాడనుకుంది. అన్నీ తెలిసి అడిగిన మొదటి మనిషి. ఆ రోజు మెట్లెక్కుతూ ఆమె కూనిరాగం తీస్తుంటే చెల్లెలు వంటింట్లోంచి వచ్చి ముక్కున వేలేసుకుంది.

రిజిస్ట్రారు ఆఫీసులో తేదీ ఖాయం చేసుకున్నారు. ఆదివారం సౌండాయన భోజనానికొచ్చాడు. మరిది "అన్నయ్యగారూ, అన్నయ్యగారూ" అంటూ వెనకాలే తిరిగాడు. కూతురు "పెద్దమ్మా, నీ పెళ్ళికి నా చొక్కా బొత్తాం కుట్టి పెట్టవూ" అని చొక్కా తెచ్చి ఆమె సంచిలో కుక్కింది. భోజనాలయ్యాక ఇద్దరూ మేడ మీదకెళ్ళారు. ఆరేసిన దుప్పట్ల మధ్య పిట్టగోడ దగ్గర నిలబడ్డారు. ఆయన మెల్లగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. ఆమెకి బాగానే ఉంది.

"ఒక మాట చెప్పనా?" అన్నాడు. "నన్ను ఆఖరిసారి ముట్టుకున్న మనిషి ఎవరో తెలుసా? రక్తపరీక్ష చేసిన నర్సు. ఆవిడ చేతికి గ్లౌజు కూడా ఉంది."

ఊపిరక్క ఆయన చేతిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

"అలాంటి రోజుల్లో నన్ను బతికించింది మీ ఊపిరే. ఎంత ప్రేమండీ అది! పైకి ఇంత నిమ్మళంగా ఉంటారు, లోపల అంత ఉంచుకుని ఇన్నాళ్ళూ ఒంటరిగా ఎలా బతికారు? ఇంక దాచుకోనక్కర్లేదు. నేనున్నా కదా."

ఊపిరక్క చటుక్కున ఆయన వైపు తిరిగింది. "అదేంటండీ, మీరు రోజూ చూసేవారు కదా నన్ను. అద్దంలోంచి..."

"చూడటమా? అబ్బే! మీరు మొదలుపెట్టగానే కళ్ళు మూసుకునేవాణ్ణి. చూస్తే చెవి పనిచెయ్యదు. ఈ పని చేసేవాళ్ళందరం అంతే."

స్టూడియోలో ఆమె ఉన్న వైపు నుంచి చూస్తే ఆ అద్దంలో ఎప్పుడూ తెర మీది బొమ్మే మెరుస్తుంది. అవతలివాడి కళ్ళు తెరిచున్నాయో మూసున్నాయో కనపడవు. ఇన్నేళ్ళూ ఆమె చూపించింది ఆయన చూడలేదు. ఆయన విన్నది ఆమెలో లేదు. అంతటి పొరపాటు ఆ అద్దానికి అటూ ఇటూ కూర్చునేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

ఆయన వెళ్ళిపోయాక ఊపిరక్క మంచం మీద కూర్చుంది. చెప్తే ఆయన పోతాడు. చెప్పకపోతే? చెప్పకపోతే ఏమీ కాదు, అదే భయంకరమైన సంగతి. ఈ పనిలో ఆమెని పట్టుకోగల మగాడు పుట్టలేదు. ఆఖరికి సౌండాయన చెవే మోసపోయింది, ఇంకెవరి చెవి మిగిలింది? చచ్చేదాకా నటించగలదు. ఆయన సంతోషంగా ఉంటాడు. పొద్దున్నే ఎదురుగా ఒక మనిషి ఉంటాడు, దగ్గితే ఎవరో ఒకరు లేస్తారు. ఎంత కావాలనిపించిందో ఆమెకి! చెయ్యి చాస్తే అందేలా ఉంది. చాస్తే మాత్రం మళ్ళీ గది మూలన ఆ కుర్చీ వేసుకోవాలి.

తెల్లారి స్టూడియోకి అందరికంటే ముందు వెళ్ళింది. ఆయన అప్పుడే మీటలు సర్దుకుంటున్నాడు.

"పోయిన వారం చేసిన సీను వెయ్యండి" అంది.

"అది ఓకే అయిపోయింది కదా?"

"వెయ్యండి. నా వైపు లైటు కూడా వెయ్యండి. ఈసారి కళ్ళు మూసుకోవద్దు. నన్నే చూడండి."

ఆయనకేం అర్థమైందో ఏమో, చిన్నగా నవ్వి, కొంచెం సిగ్గుపడి లైటు వేశాడు. ఊపిరక్క మైకు ముందు కూర్చుని సంచిలోంచి పిల్ల చొక్కా, సూది, దారం తీసింది. తెర మీద హీరో అమ్మాయి జడ పక్కకి జరిపాడు. ఊపిరక్క ఊపిరి తీసింది. తీస్తూనే దారం చివర వేళ్ళతో నలిపి సన్నం చేసింది. తెర మీద కౌగిలింత. గదంతా ఆ ఊపిరితో నిండిపోతోంది. ఈవిడ ఒక కన్ను మూసి సూదిబెజ్జం వెతుక్కుంటోంది. ఒకసారి తప్పింది, రెండోసారి ఎక్కింది. అమ్మాయి గొంతు వణికే చోట ఊపిరి సరిగ్గా వణికింది. చేతులు మాత్రం వణకలేదు. బొత్తాం కుట్టి, ముడేసి, దారం తెంపేసరికి సీను అయిపోయింది. ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ రాలేదు.

అద్దం అవతల సౌండాయన మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. హెడ్‌ఫోన్సు తీసి బల్ల మీద పెట్టాడు. తలుపు తీసుకుని గదిలోకొచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"అన్నీ ఇంతేనా?"

"అన్నీ ఇంతే."

"ఒక్కటి కూడా..."

"ఒక్కటి కూడా లేదండీ. మీ మీద అని కాదు, నాకు ఎవరి మీదా లేదు. పుట్టుకతోనే లేదు. మీకు తెలుసనుకున్నా." ఊపిరక్క చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "కానీ మీరంటే నాకు ఇష్టమండీ. అది నటన కాదు. మీరొక పూట కనపడకపోతే నాకు ముద్ద దిగదు. మీ పక్కన ముసలిదాన్నవ్వాలని ఉంది. నా దగ్గరున్నదంతా అదే. అది చాలుతుందా?"

 ఆయన అబద్ధం ఆడితే ఎంత బాగుండునని ఆమెకి ఒక్క క్షణం అనిపించింది. ఆడతాడేమో అనిపించింది కూడా. మంచివాడు. అందుకే ఆడలేదు.

"చాలదండీ" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో కళ్ళలోనే తెలిసింది. "చాలుతుందని ఇప్పుడు అనెయ్యొచ్చు. రేపు మీ పక్కనే పడుకుని, ఇన్నాళ్ళూ నా గదిలో ఒంటరిగా ఎలా ఉన్నానో అలాగే ఉంటాను. అప్పుడు మిమ్మల్ని ఏమైనా అంటాను. నాకు ఆ ఆకలి ఉంది. దాన్ని నేను చంపుకోలేను."

"చంపుకోవద్దు" అంది ఊపిరక్క. "నా మూలాన ఒకాయన ఇప్పటికే చాలా పడ్డాడు."

ఇందులో ఎవరిదండీ తప్పు? చెల్లెలు మాత్రం సౌండాయనదే అంది. వారం రోజులు వినపడేలా తిట్టిపోసింది. ఊపిరక్క ఈసారి ఊరుకోలేదు. చెల్లెల్నీ మరిదినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. మరిది పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చెల్లెలు విని విని, "అంటే అక్కా, అసలు ఏమీ అనిపించదా? కొంచెం కూడా?" అంది. "కొంచెం కూడా." "మరి ఎలాగే ఒంటరిగా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  పేపరు వెనకనుంచి మరిది, "వదినని వదిలెయ్, టీ పెట్టు" అన్నాడు. అంతకంటే ఆ ఇంట్లో ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు.

నాలుగింటికి టీ ఇప్పుడు ఆమె మైకు గదిలోనే ఒక్కతీ తాగుతోంది. ఆయన పై అంతస్తులో వేరే స్టూడియోకి మారతాడని అనుకున్నారు గానీ మారలేదు. పని దగ్గర "నమస్తే అండీ" అంటే "నమస్తే అండీ." మేడమ్, సార్ రెండూ పోయాయి. వాటి బదులు ఏమని పిలుచుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

కొన్నాళ్ళకి ఒక కొత్త సినిమా వచ్చింది. దర్శకురాలు కుర్రపిల్ల, చురుకైనది. సీను చిన్నది. ఒక అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది. ఊరెళ్ళినవాడు చప్పుడు చెయ్యకుండా వచ్చి, వెనక నుంచి ఆమె భుజం మీద గడ్డం ఆనిస్తాడు. అంతే, ముద్దు కూడా లేదు. ఊపిరక్క కళ్ళజోడు సర్దుకుని తెర వంక చూసింది. వాడి తల ఆ అమ్మాయి భుజం మీద వాలింది. మనిషి తల అంత బరువుంటుందా, అది అలా భుజం మీద ఉండిపోతే ఎలా ఉంటుంది అని ఎన్నడూ లేనిది ఆమెకి అనిపించింది. ఊపిరి దానంతట అదే వచ్చింది.

దర్శకురాలు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. "అక్కా! ఏం తీశావక్కా! ఓకే, ఇదే ఫైనల్."

స్పీకర్లో సౌండాయన గొంతు వినపడింది. "ఇది వద్దండీ. ఇంకోటి తీసుకుందాం."

"ఎందుకండీ? నాకు ఒళ్ళు జలదరించింది!"

 స్పీకరు గరగరమంది.

"ఆ అమ్మాయి దగ్గరికి అతనొచ్చేశాడు కదండీ" అన్నాడు. "ఇది ఎవరూ రానివాళ్ళ ఊపిరి."

దర్శకురాలు అద్దం వైపూ ఊపిరక్క వైపూ మార్చి మార్చి చూసింది.  ఊపిరక్క స్వెట్టరు అంచుతో కళ్ళజోడు తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, కాసిని నీళ్ళు తాగింది.

"వెయ్యండి" అంది.

రెండోసారి చక్కగా వచ్చింది. సౌండాయన ఓకే అన్నాడు.